పిందె, మొగ్గ, కన్ను: చీర మీది చిన్న బొమ్మల పేర్లు

తెలుగునేల వెలుపల స్థిరపడిన కుటుంబాలలో భాష ఎంతవరకు నిలిచిందో లెక్కవేసేటప్పుడు మనం సాధారణంగా పాటలు, సామెతలు, వావివరుసల మాటలు, వంటింటి మాటలు పరిశీలిస్తాం. చీరను పెద్దగా ఎవరూ పట్టించుకోరు. చీర కంటికి సంబంధించిన వస్తువేగాని చెవికి సంబంధించింది కాదన్న భావన ఇందుకు కారణం కావచ్చు. నిజానికి పెద్దావిడ ఎవరైనా పెట్టెలోనుంచి పాత చీర తీసి విప్పితే బొమ్మతోపాటు పేరూ బయటికి వస్తుంది. ఇది రుద్రాక్ష అంచు, ఇది కోటకొమ్మ, ఇది మామిడిపిందె, ఇది మల్లెమొగ్గ. ఈ పేర్లు తయారు చేసినవారెవరో చరిత్రకు తెలియదు. కాని ఆ పేర్లు ఏ వస్తువులవో చూస్తే, పెట్టినవారు దేన్ని ఎంత దగ్గరగా చూశారో కొంత తెలుస్తుంది.

వీటిలో గోపురాలు, కోటలు, ఏనుగులు, రథాలు లేకపోలేదు. ఐతే ఎక్కువ భాగం చాలా చిన్న వస్తువులు: పిందె, మొగ్గ, గింజ, చుక్క, రేకు, పిట్ట కన్ను. నడుస్తూ పోయే పెద్దమనిషికి కనిపించేవి కావు ఇవి. వంగి చూడాలి, లేదా చేతిలోకి తీసుకొని చూడాలి. అట్లా చూసే తీరిక, అట్లా చూసే ఎత్తు పిల్లలకు ఉంటాయి. బాల్యంలో పట్టుకొన్న పోలికలను పెద్దయినాక చేతిపనిలో నిలుపుకోవడమే ఈ పేర్ల వెనక ఉన్న చరిత్ర అని మేము భావిస్తున్నాము. శాసనాలలో ఈ సంగతి దొరకదు. మాటలలో దొరుకుతుంది.

మామిడిపిందెతో మొదలుపెడదాం. ఒకవైపు గుండ్రంగా ఉండి, మరోవైపు కొన సన్నబడి వంగిన ఈ బొమ్మ మన దేశంలో తెలియనివారు ఉండరు. దీని వంశవృక్షం చాలామటుకు తెలిసినదే. పారసీకంలో దీనికి సంబంధించిన మాటకు పొద, మొక్క అని అర్థం. కాశ్మీరు శాలువల మీద 17వ శతాబ్దంలో ఇది వేరుతో సహా గీసిన సన్నని పూల మొక్క. తర్వాత క్రమంగా పూలు గుబురై, కొన వంగి, చుట్టూ గీత గట్టిపడి ఇప్పటి ఆకారం వచ్చింది. 19వ శతాబ్దంలో స్కాట్లండులోని పైస్లీ పట్టణపు మగ్గాలు కాశ్మీరు శాలువలను అనుకరించి నేయడంతో ఇంగ్లీషువారికి ఆ బొమ్మ పేరు ఆ ఊరి పేరే అయింది. ఒకరికి పొద, మరొకరికి ఊరు. మనకు మాత్రం పిందె.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మామిడి విషయంలో తెలుగువారి మాటలు మెట్లు మెట్లుగా ఉంటాయి. పూత, పిందె, కాయ, దోరకాయ, పండు. పూత రాలిన తర్వాత, కాయ కాకముందు, గాలికి రాలి చెట్టుకింద పడేది పిందె. పెద్దలకు అది నష్టం. పిల్లలకు ఉప్పూకారంతో తినే వస్తువు. ఇదే బొమ్మను తమిళులు ‘మాంగాయ్’ అంటారు, అంటే మామిడికాయ. తమిళంలో మన పిందెకు సోదరపదమైన ‘పింజు’ అనే మాట ఉంది, ఐనా ఈ బొమ్మకు దాన్ని వాడలేదు. నగల్లోనూ ఇదే తేడా. మన మామిడిపిందెల హారం వారి మాంగాయ్ మాలై. మరాఠీవారి ఇళ్ళలో ఇది ‘కోయరీ’. కుంకుమ ఉంచుకొనే మామిడి ఆకారపు చిన్న భరిణెకూ అదే పేరు. కనుక షోలాపూరులోగాని, మదురైలోగాని ఒక తెలుగింటి ఆడపిల్ల ఈ బొమ్మను ‘పిందె’ అన్నదంటే, చుట్టూ వినిపించే మాటను కాదని ఇంట్లో విన్న మాట పలికిందన్నమాట. అంత చిన్న తేడాలో ఒక వలస చరిత్ర దాగి ఉంటుంది. జనాభా లెక్కల పట్టికలో మాతృభాష అనే గడి నింపడం కంటె ఇది నమ్మదగిన సాక్ష్యమని మాకు తోస్తుంది.

బొమ్మల సంగతి ఇట్లా ఉండగా, అవి కూర్చునే చోట్లకు ఉన్న పేర్లు కూడా ఆసక్తికరమైనవే. తెలుగులో అంచు, కన్నడంలోనూ అంచే. తమిళంలో ‘కరై’, మరాఠీలో ‘కాఠ్’. ఈ రెండు మాటలకూ నదిఒడ్డు అని కూడా అర్థం. చీర వారి ఊహలో ఒక ఏరు. మధ్యలో నీరు, రెండు పక్కల గట్లు. మనం ఆ పోలిక తీసుకోలేదు. కత్తికీ, కాగితానికీ, బల్లకూ ఉండే అంచే చీరకూ ఉంది. ఇక చీర చివరి భాగం మనకు పైట, కొంగు, చెంగు, చెరగు. కన్నడపు ‘సెరగు’ మన చెరగే. ఒడియాలో ‘పణత’, మరాఠీలో ‘పదర్’, తమిళంలో ‘ముందానై’. బళ్ళారిలో చదివే విద్యార్థికి చెరగు, సెరగు ఒకటే అని చెప్పనక్కరలేదు. బరంపురం విద్యార్థి మాత్రం ఇంట్లో పైట, బజారులో పణత అనే రెండు మాటల మధ్య పెరుగుతాడు.

తమిళదేశపు నేతలో మాకు అన్నిటికంటె ఇష్టమైన పేర్లు కన్నుల పేర్లు. ‘మయిల్ కణ్’ అంటే నెమలికన్ను. పంచె అంచులలో బాగా ప్రసిద్ధం. ‘కుయిల్ కణ్’ అంటే కోకిలకన్ను. నెమలికన్ను సంగతి సులభమే. నెమలి రాల్చిన ఈక ఇంటికి వస్తుంది. దాన్ని పుస్తకంలో దాచి, అది పిల్లలు పెడుతుందని రోజూ తెరిచి చూసుకోని బడిపిల్లలు తెలుగునాట అరుదు. ఆ ఈక కొసన ఉన్న రంగుల బిళ్ళను మనం కూడా కన్ను అనే అంటాం. కోకిలకన్ను అట్లాంటిది కాదు. కోకిల కనిపించే పక్షి కాదు, వినిపించే పక్షి. మగకోకిల ఒళ్ళంతా నలుపు, కన్ను మాత్రం ఎరుపు. ఆకుల మధ్య కదలకుండా కూర్చున్నప్పుడు ఆ ఎర్రని చుక్క చూడాలంటే చెట్టుకింద చాలాసేపు తలెత్తి నిలబడాలి. ఒక చిన్న గడిలో ఒక చుక్క నేసి దానికి కోకిలకన్ను అని పేరు పెట్టినవారు ఎప్పుడో ఒకప్పుడు అట్లా నిలబడ్డవారే అయి ఉండాలి.

నెమలి విషయం వచ్చింది కనుక రంగుల సంగతి కొంత చెప్పుకోవాలి. నెమలికంఠం రంగు అని మనవారు, ‘మయిల్ కళుత్తు’ అని తమిళులు పిలిచే పట్టుచీరలో నిజానికి అటువంటి రంగు నూలుపోగు ఒక్కటీ ఉండదు. పడుగు నీలం, పేక ఆకుపచ్చ, లేదా దానికి తిరగవేత. చీర కదిలినప్పుడు వెలుగు ఒకసారి పడుగు మీద, ఒకసారి పేక మీద పడుతుంది. కంటికి రంగు మారినట్టు తోస్తుంది. నెమలి మెడ తిప్పినప్పుడు కనిపించేది ఇదే. రెండు రంగులు కలిపి మూడో రంగు చేయడం అద్దకంవారి పని; రెండు రంగులను పక్కపక్కన ఉంచి కంటిచేత కలిపించడం నేతగాని పని. ఇక చిలకపచ్చ, వంగపండు, నేరేడు, కనకాంబరం, ఉల్లిపొర, పావురాయి, మెంతి వంటి పేర్లు మీకు తెలిసినవే. ఇంగ్లీషు రంగుల పేర్లు వచ్చి ఇవి వెనకబడ్డాయి. ఉల్లిపొర రంగును ఒకే మాటలో ఇంగ్లీషులో చెప్పమంటే ఎవరైనా తడుముకొంటారు.

నేతనుంచి అద్దకానికి వద్దాం. ఇక్కడ చరిత్రకు కాగితపు సాక్ష్యం కూడా ఉంది. అందులో ఒక ముఖ్యుడు మా భాషాశాస్త్ర విభాగంవారికి పాతమిత్రుడు. గాస్తోఁ లోరాఁ కుర్దూ అనే ఫ్రెంచి జెసూట్ మతగురువు 1732లో దక్షిణదేశానికి వచ్చి, 1779లో పుదుచ్చేరిలో మరణించాడు. సంస్కృతానికీ, గ్రీకు లాటిను భాషలకూ గల సంబంధాన్ని 1767లోనే, అంటే విలియం జోన్సు ప్రసిద్ధోపన్యాసానికి 19 సంవత్సరాల ముందే, ఆయన ప్యారిస్‌కు రాసి పంపాడు. తెలుగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువు కూడా కూర్చాడు. భాషావేత్తలు ఆయనను ఇంతవరకే తలచుకొంటారు. ఆయన అంతకుముందే, 1742లోనూ 1747లోనూ, అద్దకపు బట్టల తయారీ గురించి సుదీర్ఘమైన లేఖలు రాశాడు. తన దగ్గర మతం పుచ్చుకొన్న పనివాళ్ళను అడిగి తెలుసుకొన్న సంగతులివి. నిఘంటువు కూర్చే ఓపిక ఆ లేఖల్లోనూ కనిపిస్తుంది. కరక్కాయకు తమిళపు మాటను అట్లాగే ఫ్రెంచిలోకి ఎక్కించాడు. పని జరిగే క్రమం వదలకుండా చెప్పాడు. ఆయనకు కొద్ది ముందు, 1734 ప్రాంతాన, బోల్యూ అనే ఫ్రెంచి నౌకాదళాధికారి పుదుచ్చేరిలో ఇదే పని చూసి, ఒక్కొక్క దశ ముగియగానే బట్టముక్క కత్తిరించి ఉంచుకొన్నాడు. ఆ ముక్కలు అతికించిన రాతప్రతి ప్యారిస్‌లోని ప్రకృతిశాస్త్ర సంగ్రహాలయంలో భద్రపడింది. యానాం, పుదుచ్చేరి విద్యార్థులు ఫ్రెంచి నేర్చినందుకు దొరికే లాభాల్లో ఈ మూలాలు చదవగలగడం ఒకటి.

ఆ పని ఇట్లా సాగుతుంది. బట్టను కరక్కాయల రసం, గేదెపాలు కలిపి అందులో ముంచి ఆరబెడతారు. పాలలోని వెన్న రసాన్ని అటూ ఇటూ పాకనివ్వదు. ఇనుపముక్కలు, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెట్టిన రసంతో గీస్తే, కరక్కాయలోని వగరుకు ఇనుము తగిలి గీత అక్కడికక్కడే నల్లబడుతుంది. ఎరుపు సంగతి వేరు. ఎర్రని పువ్వు రావలసిన చోట చిత్రకారుడు పటికనీరు రాస్తాడు. రాసినప్పుడు దానిలో ఎరుపు జాడే ఉండదు. తర్వాత బట్టను చిరివేరు రంగులో కాచితే పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు పట్టుకొంటుంది. కనిపించని పువ్వును ముందు గీసి, కాగులో దాన్ని పూయించడం ఈ పని రహస్యం. శ్రీకాళహస్తిలో ఈనాటికీ తొలిగీత కాల్చిన చింతపుల్ల బొగ్గుతోనే గీస్తారు. కలానికి వెదురుపుల్ల, దాని చుట్టూ ఉన్ని చుట్టిన ఉండ; ఆ ఉండను నొక్కితే రసం కొనకు దిగుతుంది.

చిరివేరు మొక్క ఇసుకనేలల్లో జానెడు ఎత్తున పాకే గడ్డిపోచవంటిది. ఎవరి కంటికీ ఆనదు. ఎరుపంతా దాని సన్నని వేరులో ఉంటుంది. సామర్లకోటలో ఉండి మన మొక్కలన్నిటినీ వర్ణించిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గు 1795లో మొదలైన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో దీన్ని బొమ్మతో సహా చేర్చాడు. తమిళులు దీన్ని రంగువేరు అనే అర్థంలో ‘సాయవేర్’ అన్నారు. ఇంగ్లీషువారి మాట దానినుంచే వచ్చింది. తెలుగు పేరులోని ‘చిరి’ చిన్నది అనే అర్థంలోని ‘చిరు’ అనే మా ఊహ. అట్లా అయితే తమిళులు దాని ఉపయోగాన్ని చూశారు, మనవారు దాని పరిమాణాన్ని చూశారు. 17వ శతాబ్దంలో మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో డచ్చి, ఇంగ్లీషు కంపెనీలు ఎగబడి కొన్న ఎర్ర అద్దకాలకు మూలం ఈ మొక్కే.

ఆ వ్యాపారంలో ఒక ఘట్టం మన విషయానికి నేరుగా సంబంధించింది. 1643లో ఇంగ్లీషు కంపెనీ డైరెక్టర్లు తమ ఉద్యోగులకు రాస్తూ, ఎర్రని నేల మీద పువ్వులున్న దుప్పట్లు లండనులో అమ్ముడుపోవడం లేదని, తెల్లని నేల ఎక్కువగా ఉండాలని, మధ్యలో పువ్వూ కొమ్మా చిత్రకారుని ఇష్టప్రకారం వేయించమని కోరారు. నేల రంగు కొనుగోలుదారుడిది, పువ్వు చిత్రకారుడిది! తర్వాతి కాలంలో నమూనాలు సముద్రం దాటి వచ్చాయి. కాగితం మీది నమూనాకు సూదితో రంధ్రాలు పొడిచి, బొగ్గుపొడి చల్లి బట్టమీదికి దించడం కుర్దూ లేఖల్లో ఉంది. ఐనా మ్యూజియములలో మిగిలిన ఆ కాలపు పెద్ద దుప్పట్లు చూస్తే, రాళ్ళగుట్ట మీదినుంచి మెలికలు తిరిగి లేచిన ఒకే చెట్టుకు ఒకదానితో ఒకటి సంబంధం లేని పది రకాల పువ్వులు పూసి ఉంటాయి. ఒక్కొక్క ఆకు ఒక్కొక్క తీరు. పండితులు దీనిలో పారసీకం, చైనా, ఇంగ్లండు కుట్టుపని ఈ మూడూ కలిశాయని వివరిస్తారు. ఆ వివరణ సరైనదే. దానితోపాటు మరొకటి కూడా చెప్పవచ్చు. చెట్టు గీయమని పిల్లవాడికి పలక ఇస్తే తనకు తెలిసిన పువ్వులన్నీ ఆ ఒక్క చెట్టుకే పూయిస్తాడు. వృక్షశాస్త్రం దృష్టిలో అది తప్పు. ఆ దుప్పటి మీద మాత్రం ఐరోపా అంతా దానికి మోజుపడింది. ఎంత మోజంటే ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లోనూ మళ్ళీ 1721లోనూ తమ నేతగాళ్ళ మేలుకోసం మన అద్దకాలను నిషేధించవలసి వచ్చింది.

దేశంలో వాడుకకు వేసిన అద్దకాలు వేరు. శ్రీకాళహస్తి పద్ధతిలో రామాయణ భారత కథలు గళ్ళుగా విభజించి, కింద తెలుగులో రాసి చూపుతారు. దేవుడూ రాక్షసుడూ గడి నిండా నిలబడతారు. వారి మధ్య మిగిలిన ప్రతి ఖాళీలోనూ ఒక చిన్న పువ్వో, మొగ్గో ఉంటుంది. కథకు ఆ పువ్వుతో పని లేదు. యుద్ధం మధ్యలోనూ ఉంటుంది, శోకం మధ్యలోనూ ఉంటుంది. 1950ల చివర కమలాదేవి చట్టోపాధ్యాయ వంటివారి చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణకేంద్రం వచ్చి ఈ పని నిలబడినప్పుడు, దేవతల బొమ్మలతోపాటు ఈ చిల్లర పువ్వులూ బతికాయి. తర్వాత చీరల మీదికి ఎక్కువగా ఎక్కింది ఈ చిల్లర పువ్వులే.

తంజావూరు జిల్లాలోని సిక్కల్‌నాయకన్‌పేట పేరు తమిళనాడు విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. నాయకరాజుల కాలంలో తెలుగుదేశంనుంచి వెళ్ళిన చిత్రకారుల కుటుంబాలు అక్కడ స్థిరపడి, గుళ్ళకు కావలసిన అద్దకపు బట్టలు వేశాయి. రథానికి వేలాడదీసే గొట్టంవంటి ‘తొంబై’లు, తోరణాలు, పందిరిబట్టలు వీరి పని. సమీపంలోని కోడాలి కరుప్పూరులో తంజావూరు మరాఠా రాజకుటుంబం కోసం నేత, మైనం, కలం మూడూ కలిపి తయారుచేసిన చీరలు, 1855లో ఆ సంస్థానం ఇంగ్లీషువారిలో కలిసిపోయాక ఆదరణ లేక అంతరించాయి. గుడినీ రథాన్నీ నమ్ముకొన్న పని ఏదో ఒక రూపంలో మిగిలింది, రాణివాసాన్ని నమ్ముకొన్న పని మిగలలేదు. కరుప్పూరు కలంకారీకి 2021లో భౌగోళిక గుర్తింపు లభించింది.

తమిళదేశపు పట్టునేతలో తెలుగు జాడ ఒకటి మాటలోనే కనిపిస్తుంది. అంచుమీద రంపపు పళ్ళవలె వరసగా లేచే మొనలను కంచి ప్రాంతంలో ‘తాళంపూ రేక్కు’ అంటారు. తాళంపూ అంటే మొగలిపువ్వు. ‘రేక్కు’ మన రేకే. మాట రకారంతో మొదలు కావడం తమిళానికి సహజం కాదు కనుక ఇది ఎరువు మాట అని చెప్పడానికి సందేహించనక్కరలేదు. మొగలిరేకు అంచులు ముళ్ళతో రంపంలా ఉంటాయి. జడలో పెట్టించుకొనే ఆడపిల్ల వేళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. ఆ మొనలనే తెలుగునేత కోటకొమ్మ అంటుంది, ఒడిశాలోని బరంపురం పట్టులో ‘కుంభ’ అంటారు. ఒకే త్రికోణం ఒకచోట మొగలిరేకు, ఒకచోట కోటగోడ, ఒకచోట గుడిశిఖరం. బరంపురం ఉన్న గంజాం జిల్లా 1936 వరకు మద్రాసు రాష్ట్రంలో భాగం. అక్కడ ఠాకురాణీ జాతర నడిపించే దేరా నేతవారు తెలుగుదేశంనుంచి వెళ్ళినవారు. వారి మగ్గాలమీద కోటకొమ్మ ఎప్పుడు కుంభ అయిందో తెలుసుకోవడం అక్కడి విద్యార్థులు చేయదగిన పని.

కర్ణాటకలో కసూతి కుట్టుపని ఉంది. ధారవాడ ప్రాంతంలో ఇళకల్ చీరలమీద స్త్రీలు కుడతారు. దీనికి ముందుగా గీత గీయరు. బట్టలోని పోగులు లెక్కపెట్టుకొంటూ సూది దించుతారు. గవంతి, మురగి, నేయ్గె, మెంతె అని కుట్లు నాలుగు రకాలు. గవంతి రెండు వైపులా ఒకేలా కనిపించే కుట్టు. మురగి మెట్లవలె పోతుంది. నేయ్గె మన నేత. మెంతె మన మెంతి. అడ్డంగా ఒకదానినొకటి దాటే కుట్లు దగ్గర దగ్గరగా పడితే మెంతులు చల్లినట్టుంటుంది. గోపురం, రథం, తులసికోట కుట్టే పని చివరకు మెంతిగింజంత కుట్టులోకి దిగింది. లెక్కతో నడిచే ఈ పనికీ చుక్కల ముగ్గుకూ పోలిక ఉంది. ముగ్గువేసే పిల్ల ముందు చుక్కలు లెక్కపెట్టుకొంటుంది; ఒక్క చుక్క తప్పితే పువ్వు మూసుకోదు. ఈ లెక్క బడికి పోనివారికీ వచ్చేది. బడిలో లెక్కలు రావని వెనకబెంచీలో కూర్చున్న ఆడపిల్ల ఇంట్లో పదిహేను చుక్కల ముగ్గు తప్పులేకుండా వేయడం మేమూ చూశాము, మీరూ చూసే ఉంటారు.

చుక్క అనే మాట కూడా మంచి మాట. మనకు నక్షత్రం చుక్క, ముగ్గుకు చుక్క, నుదుట చుక్క, నీటిచుక్క. కన్నడపు ‘చుక్కి’ కూడా నక్షత్రమే, బొట్టే. మదురైలో సౌరాష్ట్రులు వేసే సుంగుడి చీరలకు ఆకాశంలోని చుక్కలే మూలమని లోకంలో చెప్పుకొంటారు. బట్టను చిటికెన పట్టి దారంతో ముడివేసి రంగులో ముంచి విప్పితే, ముడి ఉన్నచోట తెల్లని చుక్క మిగులుతుంది. సౌరాష్ట్రులు తెలుగువారు కారు. వారి భాష గుజరాతీకి దగ్గరి ఆర్యభాష. ఐతే మదురైకి రాకముందు విజయనగర రాజ్యంలో ఉన్న కాలంలో వారి భాషలోకి తెలుగు మాటలు విస్తారంగా చేరాయి. ఒకప్పుడు దాన్ని తెలుగు లిపిలోనూ రాసుకొన్నారు. మదురైలోని తెలుగు విద్యార్థి పక్కవీధికి వెళ్ళి ముడులు వేసే ముసలమ్మల మాటలు వింటే, తన ఇంటి మాటలు కొన్ని అక్కడ దొరకవచ్చు.

ఇంతవరకు బాల్యపు ఊహ అని రాసుకొంటూ వచ్చాము. మగ్గం దగ్గర బాల్యం ఊహమాత్రమే కాదు. కండెలు చుట్టింది పిల్లలు. అచ్చుకు పోగులు అందించింది పిల్లలు. బొమ్మ పడవలసిన చోట జాల తాళ్ళు పైకి లాగడానికి మగ్గం పక్కన గంటల తరబడి కూర్చున్నదీ చాలాచోట్ల ఒక పిల్లవాడే. ఏ తాడు లాగితే పిందె, ఏ తాడు లాగితే మొగ్గ అన్నది అక్షరాలు రాకముందే వాడికి వచ్చేది. పేర్లు తరంనుంచి తరానికి దిగింది ఈ దారినే. అది చదువుకు అడ్డుపడిన దారి కూడా. బట్టల అద్దకం, నేత పనుల్లో పిల్లలను పెట్టడాన్ని 1986 నాటి బాలకార్మిక చట్టం నిషేధించింది, కుటుంబపు పనిని మినహాయించి. ఆ పిల్లవాడు బడికి పోవడం అవసరం. వాడు బడికి పోతే ఈ మాటలు వాడికి ఎవరు చెప్పాలన్నది మాత్రం బడివాళ్ళు ఆలోచించలేదు. తెలుగు వాచకాలలో రాజుల కోటలున్నాయి, కోటకొమ్మ అంచు లేదు.

జాల లాగే పిల్లవాడి స్థానంలోకి వచ్చింది జాకార్డు యంత్రం. ఫ్రాన్సులో 1804లో రూపొందిన ఈ యంత్రంలో రంధ్రాలు పొడిచిన అట్టలు ఏ పోగు లేవాలో నిర్ణయిస్తాయి. దీని ప్రభావం షోలాపూరులో చూడవచ్చు. నిజాము రాజ్యంలోని తెలంగాణా జిల్లాలనుంచి కరువులకు, పనులకు తరలివెళ్ళిన పద్మశాలీలు అక్కడ స్థిరపడ్డారు. 1877లో తొలి బట్టలమిల్లు వచ్చాక ఊరు పెరిగింది. చేమగ్గాలు మరమగ్గాలయ్యాయి. షోలాపూరు దుప్పటి దేశమంతా తెలిసిన సరకైంది. దుప్పటి మీద పువ్వులూ నెమళ్ళూ ఇప్పటికీ ఉన్నాయి, చక్కగానే ఉన్నాయి. కాని అట్టల కట్టకు పేరుతో పని లేదు. దానిమీద ఒక అంకె ఉంటే చాలు. వ్యాపారి అంకె చెబుతాడు, మగ్గంవాడు అంకె తగిలిస్తాడు. పిందె అన్నప్పుడు పిందె ఎట్లా ఉంటుందో తెలిసినవాడు కొన కాస్త ఎక్కువ వంగిందని దిద్దగలిగేవాడు. అంకెను అట్లా దిద్దడానికి వీలులేదు. పాత అట్టలు పాడైనప్పుడు కొత్తవి ఇంకొకచోట పొడిపించుకొంటారు, ఇప్పుడు కంప్యూటరుమీద. ఇందులో షోలాపూరు నేతగాని తప్పేమీ లేదు. అంకె పెట్టుకోకపోతే అతనికి పూట గడవదు.

అందుచేత ఈ సెలవుల్లో మీ మీ ఊళ్ళలో పేర్లు సేకరించేవారికి కొన్ని సూచనలు. బొమ్మను ముందుగా ఫోటో తీసుకోండి, లేదా గళ్ళకాగితం మీద గీసుకోండి. పేరు అడిగినప్పుడు మీకు తెలిసిన తెలుగు మాట ముందుగా అందించకండి. తాతగారో అమ్మమ్మగారో తమిళ మాట, కన్నడ మాట, మరాఠీ మాట చెబితే దిద్దకుండా అదే రాసుకోండి. తెలుగు తలకూ కన్నడ తోకకూ అతికిన మాట వస్తే మరింత జాగ్రత్తగా, పలికినది పలికినట్టు రాసుకోండి. ఆ పేరు ఎందుకు వచ్చిందని అడగండి. చాలాసార్లు మాటతో చెప్పరు, చేతితో చూపిస్తారు: రెండు వేళ్ళు దగ్గరపెట్టి గింజ ఇంత ఉంటుందని, మణికట్టు వంచి పిందె ఇట్లా ఉంటుందని. ఆ చేతి కదలికనూ రాసుకోండి. పేరు తనకు తెలియదని, తన అత్తగారికి తెలిసేదని ఎవరైనా చెబితే ఆ జవాబును వదిలిపెట్టకండి. అత్తగారిది ఏ ఊరో, ఎన్నడు కాపురానికి వచ్చారో అడిగి పక్కన వేసుకోండి.